రెండు రోజుల వర్క్‌షాప్ ఎంతదూరం వస్తుంది?

పగలు ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లూ పిల్లల్నీ చూసుకుంటూనో డిగ్రీ చదువుతున్న పెద్దవాళ్లు మన దేశంలో తక్కువేం కాదు. ఉన్నత విద్య మీద కేంద్ర ప్రభుత్వం జరిపే సర్వే ప్రకారం 2020-21లో ఒక్క దూరవిద్యలోనే సుమారు 45.7 లక్షల మంది నమోదై ఉన్నారు. అందరూ నడివయసు వాళ్లని కాదు, ఇంటర్ కాగానే చేరినవాళ్లూ ఉంటారు. రోజూ కాలేజీకి వెళ్లే వీలు లేకపోవడం మాత్రం వీళ్లలో చాలామందికి ఉమ్మడి సంగతి. ఇలాంటి విద్యార్థుల కోసం శని, ఆదివారాల్లో రెండు రోజులో, సెలవుల్లో ఒక వారమో కేటాయించి, ఒకే సమస్యను మూడు నాలుగు శాస్త్రాల వైపు నుంచి చర్చించే వర్క్‌షాపులు పెట్టాలన్న ఆలోచనకు 2020 జాతీయ విద్యా విధానం బలం చేకూర్చింది. సబ్జెక్టుల మధ్య గోడలు తగ్గాలని ఆ విధానం గట్టిగా చెప్పింది.

ఆలోచన మంచిదే. అయితే మంచి ఆలోచనకు ఖర్చు ఉంటుంది. విద్యార్థి ఒకరోజు కూలి వదులుకుని రావాలి, బస్సు చార్జీ పెట్టుకోవాలి, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి. అన్నీ చేసి వచ్చిన మనిషికి రెండు రోజుల తర్వాత, రెండు నెలల తర్వాత ఏం మిగులుతోంది? ఈ వ్యాసంలో అడుగుతున్నది అదే. అందుబాటులో ఉన్న ఆధారాలను చూశాక నేను వచ్చిన అభిప్రాయం ఇది: విడిగా పెట్టిన పొట్టి వర్క్‌షాప్ నిలకడైన నైపుణ్యం ఇస్తుందనడానికి ఆధారం బలహీనం. నెలల తరబడి సాగే కోర్సు మధ్యలో, ముందు చదువు, వెనక చదువు ఉన్నచోట అది ఉపయోగపడుతుందని నమ్మడానికి కొంత కారణం ఉంది. ఈ రెండో మాటను కూడా ఇంకా పరీక్షించి చూడాల్సిందే.

పాత అనుభవం

పెద్దవాళ్ల డిగ్రీ చదువులో ఇలాంటి వర్క్‌షాపును పెద్ద ఎత్తున నడిపిన సంస్థ బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ. 1969లో రాయల్ చార్టర్ పొంది 1971 జనవరిలో పాఠాలు మొదలుపెట్టింది. తొలి ఏడాదే సుమారు 24 వేల మంది చేరారు. చేరడానికి ముందస్తు అర్హతలు అడగలేదు. మొదటి మెట్టుగా పెట్టిన ఫౌండేషన్ కోర్సులు నాలుగు: మానవీయ శాస్త్రాలు, సాంఘిక శాస్త్రాలు, గణితం, విజ్ఞాన శాస్త్రం. ఇవి ఒక్కొక్కటీ పలు సబ్జెక్టుల కలయికే. మానవీయ శాస్త్రాల కోర్సులో చరిత్ర, సాహిత్యం, తత్వశాస్త్రం, చిత్రకళ, సంగీతం ఒకే పుస్తకాల కట్టలో వచ్చేవి. సైన్సు విద్యార్థులకు ఇంట్లో ప్రయోగాలు చేసుకునే పరికరాల పెట్టె పోస్టులో వెళ్లేది. టీవీ, రేడియో పాఠాలు ఉండేవి. వేసవిలో మామూలు యూనివర్సిటీల హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు అక్కడ ఒక వారం సమ్మర్ స్కూల్ జరిగేది. ఫౌండేషన్ కోర్సులో ఉన్నవాళ్లు ఆ వారం హాజరు కావడం నియమం.

ఈ సమ్మర్ స్కూల్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఆ వారాన్నే చూస్తారు. నాకు ముఖ్యంగా కనిపించేది దాని చోటు. కోర్సు శీతాకాలం చివర మొదలయ్యేది, పరీక్ష శరదృతువులో ఉండేది. సమ్మర్ స్కూల్ జూలై, ఆగస్టు నెలల్లో పడేది. అంటే విద్యార్థి అప్పటికే నాలుగైదు నెలలు ఒంటరిగా చదివి, అసైన్‌మెంట్లు రాసి, ట్యూటర్ దిద్దిన కాగితాలు చూసుకుని వచ్చేవాడు. వారం అయ్యాక మళ్లీ పుస్తకాలూ అసైన్‌మెంట్లూ ఉండేవి, ఆ పైన పరీక్ష. ఆ ఏడు రోజులకు వచ్చిన పేరులో ఎంత భాగం ఏడు రోజులది, ఎంత భాగం చుట్టూ ఉన్న నెలలది అని విడదీయడం చాలా కష్టం. తర్వాతి దశాబ్దాల్లో ఈ నివాస శిబిరాలను క్రమంగా తగ్గించి, చాలా కోర్సుల్లో వాటి స్థానంలో ఆన్‌లైన్ పని పెట్టారు. ఒక వారం ఇల్లు వదలడం అందరికీ సాధ్యపడే పని కాదు. చిన్నపిల్లల తల్లులకు, సెలవు దొరకని కార్మికులకు, వికలాంగులకు అది పెద్ద అడ్డంకి.

ఈ కథకు తెలుగునాట నేరుగా సంబంధం ఉంది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా పుట్టింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. తొలి వైస్ చాన్సలర్ జి. రామ్‌రెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఇంటర్ లేనివాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఇక్కడ తెరుచుకుంది. ఇతర కాలేజీల భవనాల్లో స్టడీ సెంటర్లు నడిచాయి. ఆదివారాల్లో కాంటాక్ట్ క్లాసులు పెట్టారు. బ్రిటన్ నమూనాలోని వారం రోజుల నివాస శిబిరం కన్నా ఈ ఆదివారం తరగతే మనవాళ్ల చదువుకు ప్రధాన రూపమైంది. దాన్ని మనం వీలు కోసం చేసుకున్న ఏర్పాటుగా చూస్తాం. నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధన దృష్టితో చూస్తే ఆ ఏర్పాటులో ఇంకో బలం కనిపిస్తుంది. దాని సంగతికి కాసేపట్లో వస్తాను.

డిగ్రీలతో సంబంధం లేని పాత ఉదాహరణ ఒకటి ఇక్కడ తలుచుకోవాలనిపిస్తుంది. 1937 వేసవిలో ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో రాజకీయ, ఆర్థిక పాఠశాల పెట్టారు. ఒకేచోట వేసవి పొడుగునా రాజకీయాలు, ఆర్థికశాస్త్రం పెద్దవాళ్లకు చెప్పాలన్నది సంకల్పం. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. పొట్టి శిక్షణ మీద మన నేల మీద ఉన్న నమ్మకం ఓపెన్ యూనివర్సిటీల కన్నా చాలా పాతది.

కొలిచినప్పుడు ఏం కనిపించింది

2017లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ రంగంలో పనిచేసేవాళ్లను ఆలోచనలో పడేసింది. డేవిడ్ ఫెల్డన్ బృందం 53 సంస్థల్లో జీవశాస్త్రాల పీహెచ్‌డీ చేస్తున్న 294 మందిని తీసుకుంది. వీళ్లలో కొందరు చదువు మొదట్లో బూట్ క్యాంపులు, పొట్టి శిక్షణలు పొందినవాళ్లు. డేటా విశ్లేషణ, శాస్త్రీయ రచన, పరిశోధక సమాజంతో పరిచయం ఆ శిక్షణల లక్ష్యాలు. శిక్షణ పొందినవాళ్లనూ పొందనివాళ్లనూ 115 అంశాల మీద పోల్చి చూస్తే గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా ఒక్కదానిలోనూ కనిపించలేదు. నైపుణ్యంలోనూ లేదు, ప్రచురణల్లోనూ లేదు, తామూ ఆ సమాజంలో భాగమన్న భావనలోనూ లేదు.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. వాళ్లు పీహెచ్‌డీ విద్యార్థులు, అప్పటికే చదువులో గట్టివాళ్లు. ఎవరు శిక్షణకు వెళ్లాలో చీటీ తీసి నిర్ణయించలేదు. తేడా కనిపించకపోయినంత మాత్రాన తేడా లేదని రుజువు కాదు. అయినా శిక్షణలో ఉన్న లాభం పెద్దదే అయితే, ఇన్ని అంశాల్లో ఎక్కడో ఒకచోట తొంగిచూసి ఉండాలి కదా అన్న ప్రశ్న మిగులుతుంది.

దీనికన్నా గట్టి ఆధారం టెక్సస్ నుంచి ఉంది. అక్కడి ఎనిమిది కాలేజీల్లో, గణితంలోనో రాతలోనో వెనకబడ్డ విద్యార్థులకు కాలేజీ చేరేముందు కొన్ని వారాల వేసవి వారధి కార్యక్రమాలు 2009లో నడిచాయి. ఎవరికి సీటు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. అందువల్ల వచ్చినవాళ్లే ముందునుంచీ చురుకైనవాళ్లేమో అన్న అనుమానానికి తావు లేదు. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి ఏడాది, ఏడాదిన్నర వరకు కార్యక్రమంలో ఉన్నవాళ్లు గణితం, రచన కోర్సులు ముందుగా గట్టెక్కారు. రెండేళ్లు గడిచేసరికి మిగతావాళ్లు వాళ్లను అందుకున్నారు. చదువులో కొనసాగడంలో తేడా రాలేదు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో మొదలుపెట్టిన ఏసాప్ కార్యక్రమం. దాని తూకం పూర్తిగా వేరు. మూడేళ్ల పాటు ఫీజులో మినహాయింపు, తరచుగా కలిసే సలహాదారు, ట్యూటరింగ్, పుస్తకాలు, రవాణా పాసు, పూర్తికాల చదువు. దీన్ని కూడా లాటరీ పద్ధతిలోనే పరీక్షించారు. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు కార్యక్రమంలో సుమారు 40 శాతం, పోల్చిన బృందంలో సుమారు 22 శాతం. ఇది మన విద్యార్థులకు నేరుగా వర్తించదు. ఏసాప్ పూర్తికాలం చదవమంటుంది, మన ఓపెన్ యూనివర్సిటీ విద్యార్థికి అదే కుదరని పని. కానీ ఫలితం తెచ్చిన చోట సాయం ఎంతకాలం సాగిందో చూడండి. బస్సు పాసు లాంటి చిన్న విషయాన్ని కూడా కార్యక్రమంలో భాగంగా లెక్కించడం చూడండి.

ఇక జ్ఞాపకం సంగతి. ఒకే మొత్తం సమయాన్ని ఒక్కచోట కుక్కితే మేలా, ఎడం ఎడంగా పంచితే మేలా అన్న ప్రశ్న మీద మనస్తత్వశాస్త్రంలో వందేళ్లకు పైబడిన పరిశోధన ఉంది. నికొలస్ సెపెడా బృందం 2006లో 184 వ్యాసాల్లోని 317 ప్రయోగాలను కలిపి చూసి, ఎడంగా పంచిన అభ్యాసమే ఎక్కువకాలం నిలుస్తుందని తేల్చింది. అదే బృందం 2008లో ఇంకో అడుగు వేసింది. ఎంత ఎడం అన్నది ఎన్నాళ్లు గుర్తుండాలన్న దాన్నిబట్టి మారుతుంది. వారం తర్వాత గుర్తుండాలంటే ఒకటి రెండు రోజుల ఎడం చాలు. ఏడాది తర్వాతా గుర్తుండాలంటే కొన్ని వారాల ఎడం కావాలి. ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం పదాలు, చిన్న చిన్న వాస్తవాలు గుర్తుపెట్టుకోవడం మీద జరిగినవి. సంక్లిష్టమైన ఆలోచనకు అంతే కచ్చితంగా వర్తిస్తాయని నేను అనను. అయితే పన్నెండు గంటలను ఒక్క శని, ఆదివారాల్లో ఖర్చు పెట్టడం కన్నా, అవే గంటలను నాలుగు ఆదివారాలకు పంచి, మధ్యలో రెండేసి వారాలు వదలడం మేలని ఊహించడానికి ఇవి తగినంత ఆధారం ఇస్తున్నాయి. మన కాంటాక్ట్ క్లాసుల పద్ధతిలో ఉందన్న బలం ఇదే.

సాయంత్రం నింపే కాగితం

ఆధారం ఇంత బలహీనంగా ఉంటే, వర్క్‌షాపుకు వచ్చిన ప్రతివారూ బాగుందని ఎందుకు అంటారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజు నిజంగానే బాగుంటుంది. నెలల తరబడి ఒంటరిగా చదివిన మనిషికి తనలాంటి ముప్పై మందితో కూర్చుని మాట్లాడటమే పెద్ద ఊరట. ఆ ఊరటకు విలువ ఉంది. దాన్ని నేర్చుకోవడంగా లెక్క రాసుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది.

శిక్షణ ఫలితాన్ని నాలుగు అంచెల్లో చూడాలని డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే ప్రతిపాదించాడు: వచ్చినవాళ్లకు ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మారింది, చివరికి ఫలితం ఏమిటి. ఆఖరి సెషన్ అయ్యాక, సర్టిఫికెట్ చేతికి ఇచ్చే ముందు నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి అంచెను మాత్రమే కొలుస్తుంది. మొదటి అంచె బాగుంటే రెండోదీ బాగుంటుందన్న నమ్మకం మీద హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. లూయీ డెలోరియె బృందం ఒకే పాఠాన్ని రెండు విధాలుగా చెప్పించింది. ఒకచోట ధారాళమైన ఉపన్యాసం, ఇంకోచోట విద్యార్థులే గుంపులుగా లెక్కలు చేయడం. రెండో పద్ధతిలో కూర్చున్నవాళ్లు పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్నారు. తాము తక్కువ నేర్చుకున్నామని కూడా వాళ్లే అనుకున్నారు. తడబడుతూ పనిచేసేటప్పుడు కలిగే అసౌకర్యం, నేర్చుకోవడం లేదన్న భ్రమ కలిగిస్తుంది. బాగా మాట్లాడే వక్త ముందు కూర్చుంటే అంతా అర్థమైపోయినట్టుంటుంది.

కొలిచే సమయం కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక బృందం పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది, ఇంకో బృందం ఒకసారి చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. అదే పాఠం, అవే పద్ధతులు, అయినా ఎప్పుడు కొలిచామన్న దాన్నిబట్టి గెలుపు చేతులు మారింది. వర్క్‌షాప్ చివరి గంటలో పెట్టే క్విజ్ ఈ కారణంగానే నమ్మదగిన కొలత కాదు.

నల్లగొండ నీళ్లు

ఇప్పటిదాకా చెప్పినదంతా ‘పొట్టి’ అన్న మాట గురించి. పలు శాస్త్రాలను కలపడం గురించి చెప్పాలంటే ఒక ఉదాహరణ లోపలికి వెళ్లడమే మంచిది. తెలుగు రాష్ట్రాల్లో వర్క్‌షాపుకు ఫ్లోరైడ్ కన్నా తగిన అంశం నాకు తోచదు.

1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఎముకలు బిగుసుకుపోయే జబ్బును షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో వివరించారు. నీళ్లలోని ఫ్లోరైడ్ దానికి కారణమని తేల్చిన తొలి భారతీయ నివేదికల్లో అది ఒకటి. తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుకు పర్యాయపదంలా మారింది. ఇందులో భూగర్భశాస్త్రం ఉంది: గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. రసాయనశాస్త్రం ఉంది: నీళ్లు క్షారగుణంతో ఉండి కాల్షియం తక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే గతి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన శుద్ధి పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి కిందికి దిగాక పైనీళ్లు వాడుకోవడం ఆ పద్ధతి. వినడానికి తేలిక. కానీ ఏ బావి నీళ్లకు ఎంత పటిక అన్నది ఆ నీళ్లలోని ఫ్లోరైడును, క్షారతను బట్టి మారుతుంది. రోజూ మోతాదు చూసి కలిపే మనిషి కావాలి, అడుగున చేరిన మడ్డిని పారబోయడానికి చోటు కావాలి, ఆ మనిషికి జీతం ఎవరిస్తారో పంచాయతీ తేల్చాలి. రసాయనశాస్త్రం దగ్గర మొదలైన ప్రశ్న పరిపాలన దగ్గరికి వచ్చింది.

పోషకాహారం వైపు నుంచి కథ ఇంకా చిక్కగా ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కుర్రవాళ్లకు మోకాళ్లు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం వాళ్లు గమనించారు. తర్వాతి పరిశోధనలో ఆ సంస్థ అక్కడి జొన్నల్లో మాలిబ్డినం, రాగి పాళ్లను కూడా పరిశీలించింది. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాక భూగర్భ జలమట్టం పెరిగి, నేల స్వభావం మారి, ఆ మార్పు పంట ద్వారా తిండిలోకి వచ్చి ఉండొచ్చన్నది అప్పట్లో ముందుకు వచ్చిన ఊహ. అది ఊహే, తుది తీర్పు కాదు. కానీ ఆ ఊహను చేయాలన్నా, కాదనాలన్నా ఇంజనీరింగ్, వ్యవసాయం, వైద్యం మూడూ ఒక్క బల్ల చుట్టూ కూర్చోక తప్పదు.

మోతాదు లెక్క ఒకటి చేసి చూద్దాం. బావిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. నీడపట్టున పనిచేసే మనిషి రోజుకు 2 లీటర్లు తాగితే శరీరంలోకి 6 మిల్లీగ్రాములు వెళుతుంది. మండుటెండలో నాట్లు వేసే మనిషి 5 లీటర్లు తాగితే 15. అదే ఊరు, అదే బావి. జబ్బు ఎవరికి ఎక్కువ వస్తుందో చెప్పడానికి నీటి పరీక్ష ఒక్కటే సరిపోదు, ఎవరు ఏ పని చేస్తున్నారో తెలియాలి. రసాయనశాస్త్రం చదివిన ఇరవై ఏళ్ల కుర్రాడికి ఈ రెండో సగం తట్టకపోవచ్చు. అంగన్‌వాడీలో పనిచేస్తూ బీఏ చదువుతున్న నలభై ఏళ్ల ఆవిడకు అది చెప్పాల్సిన పనిలేదు. పెద్దవాళ్ల అనుభవమే తరగతికి పెట్టుబడి అని మాల్కమ్ నోల్స్ 1970లలో వాదించాడు. ఆయన సిద్ధాంతం మొత్తానికి ప్రయోగపూర్వక ఆధారం పలచనే. ఈ ఒక్క చోట మాత్రం ఆయన మాట నాకు సరైనదనిపిస్తుంది.

ఇప్పుడు ఇదే అంశం మీద రెండు రోజుల వర్క్‌షాప్ మామూలుగా ఎలా నడుస్తుందో చూడండి. పన్నెండు గంటల సమయం. భూగర్భశాస్త్రం సారు రెండు గంటలు, కెమిస్ట్రీ మేడం రెండు గంటలు, డాక్టరుగారు రెండు గంటలు, సోషియాలజీ సారు రెండు గంటలు. ప్రారంభ సభకు, ముగింపు సభకు, భోజనాలకు మిగతాది. నాలుగు పాఠాలూ మంచివే కావచ్చు. వాటిని కలిపే పని మాత్రం విద్యార్థి బస్సులో ఇంటికి వెళ్తూ తనంతట తాను చేసుకోవాలి. వేర్వేరు శాస్త్రాలను పక్కపక్కన పేర్చడం వేరు, ఒక ప్రశ్నకు జవాబు కోసం వాటిని కలిపి వాడటం వేరు అని వెరోనికా బోయిక్స్ మన్సీయా లాంటి పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో మానవీయ శాస్త్రాలనూ విజ్ఞాన శాస్త్రాలనూ కలిపి బోధించడం మీద ఇచ్చిన నివేదిక కూడా ఆచితూచి మాట్లాడింది. ఇలాంటి కొన్ని కోర్సుల్లో ఆశాజనకమైన ఫలితాలు ఉన్నాయి, కార్యకారణ సంబంధాన్ని నిలబెట్టే ఆధారం మాత్రం పరిమితం అన్నది దాని సారాంశం. అక్కడ చూసినవి ఎక్కువగా సెమిస్టర్ కోర్సులు. రెండు రోజుల వాటికి ఆ ఆశను అప్పుగా తెచ్చుకోవడం కుదరదు.

ఎవరు వస్తారు, ఎవరు రారు

పొట్టి కార్యక్రమం దేనికీ పనికిరాదని కూడా అనలేం. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో గంటసేపు సాగే ఒక చిన్న కార్యక్రమం ఉంది. కాలేజీలో తొలినాళ్ల ఒంటరితనం అందరికీ ఉంటుంది, కాలం గడిస్తే తగ్గుతుంది అని పై తరగతి విద్యార్థుల మాటల్లో చదివించి, దాని మీద రాయించారు. తర్వాతి మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగై, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న అంతరం సగానికి తగ్గింది. పాల్గొన్నది 92 మందే. పేరున్న కాలేజీ, ఇరవై ఏళ్ల లోపు పిల్లలు. ఇక్కడ గంటసేపు పనిచేసిందంటే దాని గురి ఒకే ఒక్క సందేహం మీద ఉండటం వల్ల కావచ్చు. నాలుగు శాస్త్రాలు, మూడు నైపుణ్యాలు, ఒక సర్టిఫికెట్ అన్నీ ఇస్తానని అది చెప్పలేదు.

పెద్ద వయసు విద్యార్థులకు ఇదే వర్తిస్తుందా? జాన్ బీన్, బార్బరా మెట్జ్‌నర్ 1985లో చేసిన సమీక్ష వేరే దారి చూపింది. ఇంటి నుంచి వచ్చి చదివే, ఉద్యోగం చేసే, వయసు మీరిన విద్యార్థులు చదువు మానేయడానికి కాలేజీలో స్నేహాలు లేకపోవడం కన్నా పని గంటలు, డబ్బు, కుటుంబ బాధ్యతలు ఎక్కువ కారణమని వాళ్ల వాదన. అది నిజమైతే, వర్క్‌షాపులో పుట్టిన కలివిడితనం పెద్దవాళ్లను చదువులో నిలుపుతుందన్న ఆశకు హద్దు ఉంది. నైట్ డ్యూటీ మార్చని యజమాని ముందు ఆ కలివిడితనం ఏం చేయగలదు?

రానివాళ్ల సమస్య ఫలితాల లెక్కలోకి కూడా దూరుతుంది. అమెరికా పౌరహక్కుల ఉద్యమకారిణి రోజా పార్క్స్ 1955 వేసవిలో టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్లో రెండు వారాల వర్క్‌షాపుకు హాజరయ్యారు. అదే ఏడాది డిసెంబర్ 1న మాంట్‌గమరీ బస్సులో సీటు వదలనన్నారు. పొట్టి శిక్షణ గొప్పదనానికి ఈ కథను ఉదాహరణగా చెబుతుంటారు. ఆమె 1943 నుంచే స్థానిక పౌరహక్కుల సంఘానికి కార్యదర్శి అన్న సంగతి పక్కన పెడితే ఆ కథ సగమే అవుతుంది. వర్క్‌షాప్ ఆమెకు ఏదో ఇచ్చే ఉంటుంది. కానీ అక్కడికి వెళ్లాలనుకున్న మనిషే అప్పటికి పన్నెండేళ్లుగా పనిలో ఉన్న మనిషి. మన స్టడీ సెంటర్లలోనూ అంతే. రెండు రోజులు వీలు చేసుకుని వచ్చిన విద్యార్థి పరీక్ష పాసయ్యే అవకాశం ముందునుంచే ఎక్కువ. వచ్చినవాళ్ల పాస్ శాతాన్ని రానివాళ్లతో పోల్చి వర్క్‌షాప్ గొప్పదనుకుంటే, తీరికకు దక్కాల్సిన మార్కులను వర్క్‌షాపుకు వేసినట్టే.

ఎలా పరీక్షించవచ్చు

సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ ఉన్నచోట లాటరీ అందరూ ఒప్పుకునే న్యాయమైన పద్ధతి. అదే పరిశోధనకూ కావాల్సిన పద్ధతి. దరఖాస్తు చేసిన అందరి పేర్లూ రాసుకుని, సగం మందికి ఈ విడతలో, మిగతావారికి వచ్చే విడతలో సీటు ఇస్తే, మధ్య కాలంలో రెండు బృందాలనూ పోల్చవచ్చు. ఎవరికీ అన్యాయం జరగదు. పోలికలో లాటరీ తగిలీ రాలేకపోయినవాళ్లను కూడా వచ్చినవాళ్ల బృందంలోనే ఉంచి లెక్కించాలి. లేకపోతే తీరిక ఉన్నవాళ్ల సమస్య దొడ్డిదారిన మళ్లీ వస్తుంది.

ఫ్లోరైడ్ వర్క్‌షాపునే తీసుకుంటే, దానికి మూడు వారాల ముందు పదిహేను పేజీలకు మించని పాఠం, తెలుగులో, ఫోన్లో చదువుకునేలా పంపాలి. మొదటి రోజు ఉపన్యాసాలు రెండు గంటలకు మించకూడదు. మిగతా సమయం గుంపుల పని. ప్రతి గుంపులో వేర్వేరు సబ్జెక్టులవాళ్లు, వేర్వేరు వృత్తులవాళ్లు ఉండాలి. రెండో రోజును మర్నాడే పెట్టకుండా నాలుగు వారాల తర్వాతి ఆదివారానికి జరపాలి. ఆ మధ్యలో ప్రతివారూ తమ ఊరి నీటి గురించి ఒక పేజీ రాసి తేవాలి. జాతీయ క్రెడిట్ విధానంలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల పని. గదిలో గడిపే పన్నెండు గంటలు సగం క్రెడిట్‌కు కూడా చాలవు. ముందు చదివిన గంటలు, మధ్యలో రాసిన గంటలు కలిస్తేనే ఆ లెక్కకు దగ్గరగా వస్తాం.

పరీక్ష పది వారాల తర్వాత పెట్టాలి. వర్క్‌షాపులో చర్చించని కొత్త సమస్య ఇవ్వాలి. ఉదాహరణకు, ఒక ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లను కాచి తాగమని సలహా ఇచ్చారు, ఆ సలహా ఎవరికి ఎలా పనిచేస్తుందో రాయండి అని అడగవచ్చు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ గాఢత పెరుగుతుందన్నది రసాయనశాస్త్రం. కాచడానికి కట్టెలెవరు తెస్తారన్నది ఇంకో శాస్త్రం. ఆ సలహా మీద జనానికి ఎందుకు నమ్మకం కలిగిందన్నది మరొకటి. జవాబులను, ఏ బృందానివో తెలియని ఇద్దరు అధ్యాపకులు విడివిడిగా దిద్దాలి. ఎన్ని శాస్త్రాల పేర్లు చెప్పారన్న దానికి మార్కులు వేయకూడదు. ఒక శాస్త్రం నుంచి వచ్చిన విషయం ఇంకో శాస్త్రం చెప్పిన దాన్ని మార్చిందా అన్నది చూడాలి.

సంఖ్య విషయంలో ఆశ తగ్గించుకోవాలి. ఒక్క సెంటర్లో నలభై మంది చొప్పున రెండు బృందాలు పెడితే, చాలా పెద్ద తేడా ఉంటే తప్ప గణాంకాలకు అందదు. విద్యలో మామూలుగా కనిపించే చిన్న తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే బృందానికి సుమారు 390 మంది కావాలి. అంటే పదిపన్నెండు సెంటర్లు ఒకే పాఠంతో, ఒకే పరీక్షతో, ఒకే క్యాలెండరుతో కలిసి చేయాలి. ఏ సెంటర్‌కు ఆ సెంటర్ సొంత అంశం, సొంత ఫారం పెట్టుకుంటే ఎన్నేళ్లు నడిపినా తేలేది ఏమీ ఉండదు.

ఇంకొక్కటి, మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోవాల్సింది. పది వారాల తర్వాతి పరీక్షలో తేడా కనిపించకపోతే వర్క్‌షాపుకు పెట్టే డబ్బును ఎటు మళ్లిస్తారు? దరఖాస్తు చేసి కూడా రాలేకపోయినవాళ్ల కారణాల జాబితా అప్పటికి చేతిలో ఉంటుంది. అందులో మొదట ఉన్నది బస్సు చార్జీ అయితే, వచ్చే ఏడాది ఆ డబ్బు ఆదివారం తరగతులకు వచ్చేవాళ్ల చార్జీలకు వెళ్లాలి. పిల్లల్ని చూసేవాళ్లు లేకపోవడమే అయితే, స్టడీ సెంటర్‌లో ఒక గది తెరిచి, ఆదివారం పూట పిల్లల్ని చూసుకునే మనిషిని పెట్టాలి.